ఈజీఎఫ్ఆర్ 130 వచ్చింది, కిడ్నీలు బాగున్నట్టా కాదా? మా తమ్ముడు మాత్రలు మానేశాడు

పాలకొల్లు_అక్క:

నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా తమ్ముడి గురించి అడగాలి, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

వాడికి 34 ఏళ్ళు. మొగల్తూరు వైపు రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తున్నాడు. రాత్రంతా ఏరియేటర్లు ఆగకుండా కాపలా, కరెంటు పోతే జనరేటరు, తెల్లారితే మేత, తిండికీ నిద్రకీ వేళాపాళా లేదు. బరువు 98 కిలోలు. షుగర్ బయటపడి మూడేళ్ళయింది, మూడు నెలల సగటు షుగర్ 9.8 ఉంది. నేనే పట్టుబట్టి టౌన్లో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను, ఆయన కిడ్నీ పరీక్షలు రాశారు.

రిపోర్టు ముందు పెట్టుకునే టైప్ చేస్తున్నాను. క్రియాటినిన్ 0.6. దాని కింద ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయన్న అంచనా అట) 130, పక్కన "నార్మల్: 90 పైన" అని ఉంది. మూత్రంలో అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో 86, దీని పక్కన మాత్రం చుక్క గుర్తు పెట్టి 30 లోపు ఉండాలని రాశారు. బీపీ 128/80. డాక్టరు గారు చూసి "కిడ్నీలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పని చేస్తున్నాయమ్మా, ఇది మంచిది కాదు" అని టెల్మిసార్టాన్ 40 అనే బీపీ మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్ 10 అనే షుగర్ మాత్ర రాశారు. అప్పటికే బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు, ఇంకా అడగబోతే నెల తర్వాత రమ్మన్నారు.

నెల తర్వాత చూస్తే క్రియాటినిన్ 0.7, ఈజీఎఫ్ఆర్ 124. ఆ కాగితం మా ఊరి ఆర్ఎంపీ గారికి చూపిస్తే "బీపీ లేనివాడికి బీపీ మాత్ర ఎందుకు, అది వేశాకే క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీ పాడు చేస్తోంది, మానెయ్" అన్నారట. వీడు ఆ రోజు నుంచే రెండూ ఆపేశాడు. ఇరవై రోజులయింది. అడిగితే "నాకు వందకి నూట ముప్ఫై వచ్చాయక్కా, నా కిడ్నీలకేం" అంటున్నాడు.

మా నాన్నగారు షుగర్‌తోనే కిడ్నీలు పోయి రెండున్నరేళ్ళు డయాలసిస్ మీద ఉండి వెళ్ళిపోయారు. వారానికి మూడుసార్లు ఆయన్ని ఆటోలో భీమవరం తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఈ తమ్ముడే. అందుకే నాకు నిద్ర పట్టట్లేదు. ఎక్కువ పని చేస్తే చెడ్డది ఎలా అవుతుంది? మాత్ర వేశాక నంబరు తగ్గడం మంచిదా చెడ్డదా? వాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

తణుకు_ల్యాబ్:

అక్కా, నేను పదకొండేళ్ళుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. వైద్యం డాక్టర్లు చెబుతారు, కాగితం మీద నంబర్ల గురించి నేను చెప్పగలిగింది చెబుతాను.

ముందు ఒకటి తెలుసుకోండి. ఈజీఎఫ్ఆర్ మేం కొలిచింది కాదు, లెక్కగట్టింది. రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసు, ఆడా మగా అనేది కలిపి కంప్యూటరు ఫార్ములాలో వేస్తే వచ్చే అంచనా. నిజంగా కొలవాలంటే వేరే మందు ఎక్కించి గంటల తరబడి శాంపిళ్ళు తీయాలి, అది మామూలు ల్యాబుల్లో చేసేది కాదు. క్రియాటినిన్ కండల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని వడపోసి బయటికి పంపుతాయి, అందుకే రక్తంలో అది తక్కువుంటే ఈజీఎఫ్ఆర్ ఎక్కువ వస్తుంది. కండ కరిగిపోయిన ముసలివాళ్ళకి, ఏళ్ళ తరబడి మంచాన ఉన్నవాళ్ళకి క్రియాటినిన్ 0.4 వచ్చి ఈజీఎఫ్ఆర్ వందకి పైన కనపడుతుంది. అది కిడ్నీ బలం కాదు, కండ లేకపోవడం. మీ తమ్ముడు 98 కిలోల మనిషి, చెరువు గట్ల మీద తిరిగేవాడు కాబట్టి ఆ అనుమానం తక్కువే, అయినా డాక్టరు గారు కావాలంటే సిస్టాటిన్ సి అనే పరీక్షతో సరిచూస్తారు, అది కండ మీద అంతగా ఆధారపడదు.

రిపోర్టులో 90 పైన నార్మల్ అని కింది గీత మాత్రమే వేస్తాం, పై గీత వేయం. అందుకే మీ తమ్ముడిలా చాలామంది ఎంత ఎక్కువైతే అంత గొప్ప అనుకుంటున్నారు. ఎంత దాటితే మరీ ఎక్కువ అన్నదానికి అందరూ ఒప్పుకున్న నంబరు లేదు, 120 అనేవాళ్ళున్నారు, 150 అనేవాళ్ళూ ఉన్నారు, వయసుని బట్టి కూడా మారుతుంది. అదే 130 డెబ్బై ఏళ్ళ మనిషికి వస్తే ఇంకా గట్టిగా ఆలోచించాలి.

నేనైతే మీ కాగితంలో 130 కన్నా 86 దగ్గర ఆగుతాను. 30 నుంచి 300 మధ్య ఉంటే రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కొద్దికొద్దిగా కారుతున్నట్టు లెక్క. మామూలు స్ట్రిప్పు పరీక్షలో ఇంత తక్కువ కారడం చాలాసార్లు దొరకదు, నిల్ అనో ట్రేస్ అనో వచ్చి మనం నిశ్చింతగా ఉండిపోతాం. ఒక్కసారి చూసి తేల్చకూడదు, మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేస్తే రెండుసార్లైనా ఎక్కువ రావాలి. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం పట్టండి. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, ముందు రోజు బాగా బరువులు మోసినప్పుడు వద్దు, ఊరికే పెరిగి కనపడుతుంది.

ఇంకో మాట, ఇది మా కౌంటరు దగ్గర రోజూ జరిగే గొడవ. డాపాగ్లిఫ్లోజిన్ వేసుకునేవాళ్ళ మూత్రంలో షుగర్ నాలుగు ప్లస్సులు వస్తుంది. అది చూసి టెన్షన్ పడి మాత్ర మానేస్తారు. ఆ మాత్ర చేసే పనే షుగర్‌ని మూత్రంలోకి పంపడం. మళ్ళీ పరీక్ష చేయిస్తే అది చూసి భయపడొద్దు.

కాలవగట్టు_డాక్టర్:

నేను కిడ్నీ విభాగంలో పనిచేస్తాను, కాకినాడ వైపు. మనిషిని చూడకుండా మందు మార్చమనో వేసుకోమనో చెప్పను, అది ఆ డాక్టరు గారి పని. కానీ మీ డాక్టరు గారు చెప్పిన ఆ ఒక్క వాక్యం వెనక ఏముందో చెబుతాను, ఎందుకంటే మీ తమ్ముడు సరిగ్గా పట్టుకోవలసిన సమయంలో పట్టుబడ్డాడు.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల జల్లెళ్ళు ఉంటాయి. అందరికీ ఒకే లెక్క కాదు, కొందరికి పుట్టుకతోనే బాగా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో ఇవన్నీ కలిసి నిమిషానికి 120, 125 ఎంఎల్ వడపోస్తాయి, అంటే రోజుకి 180 లీటర్లు. అందులో మూత్రంగా బయటికి పోయేది లీటరున్నర, మిగతాదంతా వెనక్కి వస్తుంది.

ఇప్పుడు మన కాలవ గుర్తు చేసుకోండి. శివారుకి నీళ్ళు అందట్లేదని కబురొస్తే లస్కరు ఎగువన షట్టరు ఎత్తుతాడు కదా, కిడ్నీ కూడా అచ్చం అలాగే నడుస్తుంది. జల్లెడలోకి రక్తం తెచ్చే సన్నని నాళం తల తూము, బయటికి తీసుకుపోయే నాళం దిగువ తూము. వడపోసిన నీరు ఒక పొడవాటి గొట్టంలో పారుతూ వెళ్ళి చివరికి మళ్ళీ అదే జల్లెడ పక్కకి వస్తుంది. అక్కడ మాక్యులా డెన్సా అనే కణాల గుంపు ఉప్పు ఎంత చేరిందో చూసి ఎగువకి కబురు పంపుతుంది. షుగర్ మనిషిలో వడపోసిన నీటి నిండా గ్లూకోజు. గొట్టం మొదట్లో దాన్ని వెనక్కి లాగే ఎస్‌జీఎల్‌టీ2 అనే వాహకం గ్లూకోజుతో పాటు సోడియాన్ని కూడా లాగేస్తుంది, అందువల్ల చివరికి చేరే ఉప్పు తగ్గిపోతుంది. కాపలా కణాలు దాన్ని చూసి, పైనుంచి నీరు చాలట్లేదని కబురు పెడతాయి, తల తూము బార్లా తెరుచుకుంటుంది. మరోపక్క యాంజియోటెన్సిన్ అనే హార్మోను దిగువ తూముని బిగిస్తుంది. పైన పూర్తిగా తెరిచి కింద బిగిస్తే మధ్యలో గట్టు మీద ఎంత ఒత్తిడి పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. చేతి మీద కొలిచే బీపీ 128/80 ఉన్నా జల్లెడ లోపలి బీపీ ఎక్కువే ఉండొచ్చు. బీపీ లేనివాడికి ఆ మాత్ర రాయడానికి కారణం ఇదే.

ఆ 130 ఒత్తిడితో వచ్చిన నంబరు కావచ్చని మీ డాక్టరు గారు అనుకున్నారు, పక్కన 86 ఉంది కాబట్టి. జల్లెడకి బయటినుంచి వేళ్ళలాంటి పాదాలతో పట్టుకుని ఉండే కణాలుంటాయి, పోడోసైట్లు అంటారు. ఒత్తిడికి అవి సాగుతాయి, ఊడతాయి. ఊడినవాటి చోట కొత్తవి దాదాపుగా రావు. సందుల్లోంచి అల్బుమిన్ ఊరడం మొదలవుతుంది, తర్వాత ఆ జల్లెడ గట్టిపడి మూసుకుపోతుంది. మూసుకుపోయినదాని పని కూడా మిగిలినవి నెత్తిన వేసుకుంటాయి, వాటిలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. 1981లో అమెరికా పరిశోధకులు హోస్టెటర్, బ్రెన్నర్‌ల బృందం ఎలుకల్లో కిడ్నీ చాలా భాగం తీసేసి, మిగిలిన కాస్త జల్లెళ్ళు ఒక్కొక్కటీ ఎంత ఎక్కువ వడపోసి ఎలా దెబ్బతింటున్నాయో చూపించింది. 1982లో బ్రెన్నర్ దాన్నే మనుషుల కిడ్నీ జబ్బుకి వర్తింపజేసి రాశారు. షుగర్ రోగుల్లో మొదటి దశలో కిడ్నీ పని తగ్గడం కాదు, పెరగడం అని డెన్మార్క్ డాక్టరు మోగెన్సెన్ 1983లో దశలుగా విడగొట్టి చెప్పారు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇందులో ఒకటుంది, అక్కా. 130 నుంచి 110, అక్కడి నుంచి 95 కి దిగుతున్నన్నాళ్ళూ ప్రతి కాగితం మీదా నార్మల్ అనే ఉంటుంది. జల్లెళ్ళు ఒక్కొక్కటే పోతుంటాయి, మిగతావి వాటి పని లాగుతుంటాయి, మొత్తం నంబరు మాత్రం బాగానే కనపడుతుంది. నా దగ్గరికి ఈజీఎఫ్ఆర్ 35తో వచ్చేవాళ్ళ పాత ఫైళ్ళు తిరగేస్తే పదేళ్ళ కిందటి కాగితం మీద 125, 130 కనపడతాయి. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష ఒక్కటీ ఉండదు.

ఇక నంబరు తగ్గడం గురించి. డాపాగ్లిఫ్లోజిన్ ఆ ఎస్‌జీఎల్‌టీ2 ని ఆపుతుంది, ఉప్పు చివరిదాకా చేరుతుంది, తల తూము మామూలుకి వస్తుంది. టెల్మిసార్టాన్ దిగువ తూము వదులు చేస్తుంది. ఒత్తిడి తగ్గితే వడపోత కాస్త తగ్గాలి. 2014లో టొరంటోలో టైప్ 1 షుగర్ ఉండి వడపోత మరీ ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఇదే జాతి మందు ఎంపాగ్లిఫ్లోజిన్ 8 వారాలు ఇచ్చి చూస్తే సగటు 172 నుంచి 139కి దిగింది. ఇలాంటి మందులు మొదలుపెట్టాక క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగి అక్కడ ఆగితే సాధారణంగా మందు ఆపం. మీవాడికి 0.6 నుంచి 0.7. ఆ 0.1 ఒక్కోసారి పరీక్షకీ పరీక్షకీ కూడా మారుతుంది. 30 శాతం కన్నా ఎక్కువ పెరిగితే మాత్రం కారణం తప్పకుండా వెతకాలి, మంచిదేలే అనుకుని కూర్చోకూడదు.

ఒకటి నిజాయితీగా చెప్పాలి. ఈ మందు కిడ్నీని కాపాడుతుందని తేల్చిన పెద్ద ట్రయల్స్, 2020లో వచ్చిన డాపా సీకేడీ లాంటివి, వడపోత అప్పటికే తగ్గినవాళ్ళ మీద చేసినవి. 130 ఉన్నవాళ్ళని పదిహేనేళ్ళు చూసిన ట్రయల్ కాదది. మీవాడి విషయంలో షుగర్, బరువు, మూత్రంలో అల్బుమిన్ మూడూ కలిసి ఉన్నాయి కాబట్టే డాక్టరు గారు రాశారు, ఆ నిర్ణయం నాకు సరిగానే అనిపిస్తోంది. 9.8 ని దించడం కూడా ఈ మాత్రలంత ముఖ్యం. షుగర్ దిగితే వడపోత కూడా దానంతట అదే కొంత దిగుతుంది.

అమలాపురం_చెల్లి:

డాక్టరు గారూ, ఇది చదివాక నాకు గుండె గుభేలుమంది. నేను మా అన్నయ్యకి 2016లో ఒక కిడ్నీ ఇచ్చాను. ఉన్న ఒక్కటీ రెండింటి పని చేస్తున్నట్టే కదా, మరి నాది కూడా ఇలాగే అరిగిపోతుందా? ఇచ్చినందుకు ఏ రోజూ బాధపడలేదు, అన్నయ్య బాగున్నాడు, వాళ్ళ పాప పెళ్ళి కూడా చేశాడు. కానీ తెలుసుకోవాలి. నా ఈజీఎఫ్ఆర్ మొన్న 78.

కాలవగట్టు_డాక్టర్:

అమ్మా, మీరు కంగారు పడకండి. ఇచ్చిన తర్వాత మిగిలిన కిడ్నీ కొద్దిగా పెరిగి, ఇవ్వకముందు రెండూ కలిసి చేసిన దానిలో 70 శాతం దాకా అందుకుంటుంది. మీ 78 దాతల్లో మామూలుగా చూసే నంబరే. మీ జల్లెళ్ళూ ఎక్కువ వడపోస్తున్నాయి, నిజమే, కానీ షుగర్ లేదు, దిగువ తూము బిగించేదీ లేదు, దాతని తీసుకునే ముందే అన్నీ చూసి తీసుకుంటారు. చాలామంది దాతలు జీవితాంతం బాగుంటారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి కూడా వడపోత సగానికి సగం పెరుగుతుంది, కాన్పయ్యాక దిగిపోతుంది, కిడ్నీకేం కాదు. ఎక్కువ వడపోత అన్న మాటకన్నా దాని వెనక ఒత్తిడి ఉందా, ఎన్నేళ్ళు ఉంది అన్నది చూడాలి. మీరు ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకోండి, బరువు పెరగనివ్వకండి. నొప్పి మాత్రల జోలికి పోకండి.

రావులపాలెం_మెడికల్స్:

నొప్పి మాత్రల మాట వచ్చింది కాబట్టి నేను రాస్తున్నాను. మాది మందుల షాపు. ఊడ్పుల రోజుల్లో, కోతల రోజుల్లో నడుము నొప్పులకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అడిగేవాళ్ళు ఎంతమందో, కొందరు వారాల తరబడి రోజుకి రెండు వేస్తారు. కిడ్నీకి ఒత్తిడి తగ్గించే ఈ మాత్రలు వేసుకుంటూ పక్కన అవి కూడా వేసి, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేస్తే కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతింటుంది. మా షాపుకొచ్చే కౌలు రైతు ఒకాయన అలాగే క్రియాటినిన్ 4 దాకా వెళ్ళి, ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. మీ తమ్ముడు చెరువుల మీద ఉంటాడు కాబట్టి చెబుతున్నాను, ఒళ్ళు నొప్పులంటే పారాసిటమాల్ అడగమనండి.

వాంతులు, విరేచనాలు, తిండి తినలేని జ్వరం వస్తే ఈ రెండు మాత్రలూ ఆ రెండు మూడు రోజులు ఆపాలో లేదో డాక్టరుని ముందే అడిగి రాయించుకోండి, చాలామందికి ఆపమనే చెబుతారు. డాపాగ్లిఫ్లోజిన్‌తో మూత్రం పోసే చోట దురద, ఫంగస్ రావచ్చు, సిగ్గుపడి దాచుకుని మాత్ర మానేస్తారు. కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలావరకు రాదు, వచ్చినా మందుంది. ఖర్చంటారా, 2020లో దాని పేటెంటు అయిపోయాక చాలా కంపెనీలు చేస్తున్నాయి, 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్‌ది కూడా అయిపోయింది. ముందున్న ధరలు ఇప్పుడు లేవు. ఖరీదని మానేసినవాళ్ళు మళ్ళీ ఒకసారి అడగండి.

భీమవరం_కుర్రోడు:

నాకు షుగర్ లేదు. జిమ్‌కి వెళ్తాను, రోజూ రెండు స్కూపుల ప్రోటీన్ పౌడరు, నాలుగైదు గుడ్లు, అరకిలో చికెన్. నాక్కూడా వడపోత పెరుగుతుందా?

కాలవగట్టు_డాక్టర్:

మాంసం ఎక్కువ తిన్న కొన్ని గంటల్లోనే వడపోత పెరుగుతుంది బాబూ, ఇది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. కిడ్నీలు బాగున్న కుర్రాడికి దానివల్ల జబ్బు వస్తుందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. కానీ కిడ్నీ బాగుందో లేదో నీకు తెలియాలి కదా. ఒక్కసారి బీపీ, మూత్రంలో అల్బుమిన్ చూపించుకో, ఇంట్లో ఎవరికైనా షుగరో కిడ్నీ జబ్బో ఉంటే తప్పకుండా. నీకు కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ కాస్త ఎక్కువగా, ఈజీఎఫ్ఆర్ తక్కువగా కనపడొచ్చు, అదొకటి గుర్తుపెట్టుకో.

పాలకొల్లు అక్క గారూ, తిండి గురించి మీకూ ఒక మాట. ప్రోటీన్ మరీ తగ్గించక్కర్లేదు, ఉప్పు తగ్గించండి. ఉప్పు ఎక్కువైతే టెల్మిసార్టాన్ సరిగా పనిచేయదు. మనింట్లో ఆవకాయ, ఎండు చేపలు, అప్పడం, మజ్జిగలో మళ్ళీ ఉప్పు, అన్నీ ఒకే భోజనంలో పడతాయి. కొబ్బరినీళ్ళు ఇప్పుడు మీ తమ్ముడు మానక్కర్లేదు. వడపోత బాగా తగ్గినవాళ్ళు మాత్రం జాగ్రత్త, వాటిలో పొటాషియం ఎక్కువ, ఈ మాత్రతో కలిస్తే ప్రమాదం. కోనసీమలో చలవ చేస్తుందని కిడ్నీ రోగులకే పట్టిస్తారు, దయచేసి పట్టించకండి.

పాలకొల్లు_అక్క:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న సాయంత్రం చెరువు దగ్గరికే వెళ్ళాను. వాడు మేత ట్రే పైకి తీసి రొయ్యలు ఎంత తిన్నాయో చూస్తున్నాడు. ఫోన్లో డాక్టరు గారు రాసింది చదివి వినిపించాను. తూముల దగ్గరికి వచ్చేసరికి ట్రే పక్కన పెట్టి నా చేతిలోంచి ఫోను తీసుకుని వాడే మళ్ళీ చదివాడు. గట్టు ఊరితే వీడు ఆ పూటే బస్తాలు వేయిస్తాడు, దాని గురించి వాడికి నేను చెప్పేదేముంది. కాసేపాగి "నాన్నకి కూడా మొదట్లో ఇలాగే నార్మల్ అన్నారేమో కదక్కా" అన్నాడు. నాన్న పాత కాగితాలు బీరువాలో ఉన్నాయి, చూస్తే 2009లో క్రియాటినిన్ 0.7 అని ఉంది. మూత్రం పరీక్ష ఒక్కటీ లేదు.

పొద్దున్నే టౌన్లో డాక్టరు గారి ఆసుపత్రికి ఫోన్ చేసి, మానేసిన సంగతి దాచకుండా చెప్పాం. మళ్ళీ మొదలుపెట్టమన్నారు, రెండు వారాలకి క్రియాటినిన్, పొటాషియం చూపించమన్నారు. జ్వరం, వాంతులు వస్తే ఏం చేయాలో కూడా అడిగాను, మాత్రలు ఆపి ఫోన్ చేయమన్నారు, ఆ మాట చీటీ మీద రాసి మాత్రల డబ్బాకి అంటించాను. మా ఆర్ఎంపీ గారికి కూడా ఇదంతా చూపిస్తాను, ఆయన చెడ్డవారు కాదు, అర్ధరాత్రి పిలిచినా వస్తారు, ఊళ్ళో సగం మంది ఆయన మాటే వింటారు కాబట్టి ఆయనకి తెలియడం ముఖ్యం.

తణుకు ల్యాబ్ తమ్ముడూ, మూత్రం సీసా ముందు రోజే తెచ్చుకుని వాడికిచ్చాను. చెరువు షెడ్డులోనే పడుకుంటాడు కదా, అక్కడి నుంచి పాలకొల్లు తీసుకురావడానికి గంట పడుతుంది, ఫర్వాలేదా?

తణుకు_ల్యాబ్:

గంటైతే ఏం కాదక్కా. మూత గట్టిగా పెట్టి, ఎండ తగలకుండా తెమ్మనండి, సీసా మీద పేరు, పట్టిన టైము రాయమనండి. ముందు రోజు రాత్రి వల లాగే పనులేవీ పెట్టుకోవద్దని చెప్పండి.